పాత కంప్యూటరునకు క్రొత్త బ్రౌజరు



మా మొగల్తూరులోను, ఆ మాటకు వచ్చిన నరసాపురము చుట్టుపట్ల గ్రామములు అనేకములందును, లోగిలిలో ఒక మూల గుడ్డ కప్పి ఉంచిన పాత కంప్యూటరు కానవచ్చుచుండును. కుమారుడు ఇంజనీరింగు చదువునపుడు కొన్నది. అతడు హైదరాబాదునకో అమెరికాకో పోవుచు తండ్రికి విడిచిపోయినది. పెద్దాయన ఒకనాడు ఆ గుడ్డ తీసి మీట నొక్కును. దీపము వెలుగును, లోపలి పంకా తిరుగును, పెండ్లినాటి ఛాయాచిత్రములన్నియు చక్కగా తెరచుకొనును. కాని తన పొలము అడంగలు చూతమని ప్రభుత్వపు పుటను పిలిచినంతనే తెల్లని తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి నిలిచిపోవును. సెలవులకు వచ్చిన మనుమడు, “అది పాతదైపోయినది తాతయ్యా, పారవేయుము” అని తీర్పు చెప్పును. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారించుట నేటి నా ప్రసంగ విషయము.

ముందుగా బ్రౌజరు అనగా నేమో చెప్పవలెను. చదువు రానివారు ఎక్కువగా ఉన్న కాలమున ఉత్తరము వచ్చినచో దానిని ఊరిలో చదువుకొన్న ఒకరి అరుగు మీదికి గొనిపోవువారు. ఆయన ముద్ర చూచి, ఇది ఫలానివారి కడనుండి వచ్చినదే అని నిర్ధారించి, విప్పి, చదివి, అర్థము చెప్పెడివాడు. కంప్యూటరులో బ్రౌజరు చేయు పని అదియే. దూరమున ఉన్న మరియొక కంప్యూటరును అడిగి పుటను తెప్పించును, ముద్ర పరీక్షించును, పిమ్మట అక్షరములను, బొమ్మలను తెర మీద పేర్చి చూపును. యంత్రము దిట్టముగానే ఉండి, ఈ చదువరికి మాత్రము క్రొత్త పాఠములు రాకపోయినచో మొన్న తెరచుకొన్న పుట నేడు తెరచుకొనదు. ఈ భేదము మన మనుమలకు తోచదు. తోచినను చెప్పుటకు ఓపిక ఉండదు.

ముద్ర సంగతి కొంచెము నిదానముగా చెప్పెదను, ఏలయన చిక్కులలో సగము అక్కడనే ఉన్నవి. మనకు కాలువ లాకులు తెలియును గదా! ఎగువ నీరు, దిగువ నీరు ఒక మట్టమునకు వచ్చినగాని తలుపు తెరువరు. పడవ ఎంత గట్టిదైనను ఆగి ఉండవలసినదే. అంతర్జాలములో రెండు కంప్యూటరులు మాటలాడుకొనుటకు ముందు, మాటలను రహస్యముగా ఏ పద్ధతిని మూసి పంపుకొందమని ఇట్లే ఒక మట్టమునకు రావలెను. ఆ పద్ధతి పేరు టీ.ఎల్.ఎస్. దాని మొదటి కూర్పు 1999లో వచ్చినది. 2008లో 1.2 అను కూర్పును, 2018లో 1.3 అను కూర్పును వెలువడినవి. తొలి కూర్పులలోని లోపములను దొంగలు కనిపెట్టిరి గనుక 2020లో ప్రధానమైన బ్రౌజరులన్నియు వానిని విడిచిపెట్టినవి; పుటలను పంపు కంప్యూటరులు కూడ వరుసగా విడిచినవి. పాత చదువరికి పాత పద్ధతి మాత్రమే తెలియును. ఇక నీటిమట్టము కలియు టెట్లు?

మట్టము కలిసినను, ఈ పుట నిజముగా ఫలానివారిదే అని పూచీ పడు సంస్థలు కొన్ని కలవు. ఎవరి పూచీని నమ్మవలెనో తెలుపు జాబితా కంప్యూటరులో ముందుగానే ఉండును. ఆ పూచీలకు గడువు కూడ ఉండును. లోకమందలి లెక్కలేనన్ని పుటలకు ఉచితముగా పూచీపత్రములిచ్చు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ తొలినాళ్లలో మరియొకరి పాత పూచీ మీద ఆధారపడియుండెను. ఆ పాత పూచీ 2021 సెప్టెంబరు 30వ తేదీతో తీరిపోయినది. జాబితా మార్చబడని పాత కంప్యూటరులలో నిన్న తెరచుకొన్న పుటలు నాడు మూతపడినవి. విచిత్రమేమనగా, ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరు తన జాబితాను తానే వెంట తెచ్చుకొనును. కాబట్టి విండోస్ ఎక్స్‌పీ గల ఒకే కంప్యూటరులో మైక్రోసాఫ్టువారి పాత బ్రౌజరు మొండికేసినచోట 2017లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ నడిచినది. యంత్రము ఒకటే, ప్రాసెసరు ఒకటే. చదువరి మారెను, అంతే.

ఇచ్చట ఒక చిన్న సంగతి. పాత కంప్యూటరు లోపల అర్ధరూపాయి బిళ్లవంటి బ్యాటరీ ఒకటి ఉండును. కరెంటు లేనపుడు గడియారమును నడపునది అదియే. అది అయిపోయిన పిమ్మట కంప్యూటరు మీట నొక్కినపుడెల్ల తాను పుట్టిన సంవత్సరమునకు వెనుకకు పోవును. నేటి పూచీపత్రమును చూచి, “ఇది ఇంకను అమలులోనికి రాలేదు” అని తిరస్కరించును. కొన్ని ఇండ్లలో చచ్చినదని అటకెక్కించిన కంప్యూటరునకు ఈ బిళ్ల మార్చి తేదీ సరిచేసినచో సగము రోగము కుదురును. పేరుపాలెము వైపునుండి వీచు ఉప్పుగాలికి ఆ బిళ్ల కూర్చుండు రేకులు త్రుప్పు పట్టునని కూడ మా ప్రాంతమువారు మరువరాదు.

ఇక పుట యొక్క భాష. ముప్పది యేండ్ల క్రిందట పుట యనగా వ్రాత, బొమ్మ. నేడు పుటతో కూడ జావాస్క్రిప్టు అను భాషలో వ్రాసిన పనివాడొకడు వచ్చును. మీరు సర్వే నంబరు వేయగనే అడంగలు తెచ్చి చూపువాడు వాడే. ఆ భాషకు దాదాపు ప్రతి సంవత్సరము క్రొత్త నుడులు చేరుచున్నవి. పాత చదువరి తెలియని నుడి ఎదురైనచో దానిని దాటి ముందునకు పోడు. ఆ కాగితమునే క్రింద పడవేయును. తెర తెల్లగా మిగిలిపోవుటకు కారణమిది.

అట్లయిన క్రొత్త బ్రౌజరునే పాత కంప్యూటరులో పెట్టరాదా అని మీరడుగవచ్చును. పెట్టనిచ్చువారు ఉండవలెను గదా! ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చెను. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్టువారు దాని సంరక్షణ మానిరి. గూగులువారి క్రోమ్ 2016లోను, ఫైర్‌ఫాక్స్ 2018లోను దానికి క్రొత్త కూర్పులు నిలిపివేసినవి. విండోస్ 7 సంరక్షణ 2020 జనవరితో ముగిసెను. 2023 మొదట వచ్చిన 109వ క్రోమే దానికి కడపటిది. విండోస్ 10కు కూడ 2025 అక్టోబరు 14తో సామాన్య సంరక్షణ తీరినది. బ్రౌజరు తాను చేయలేని పనులకు విండోస్‌ను సహాయమడుగును. క్రొత్త బ్రౌజరు అడుగు సహాయములలో కొన్ని పాత విండోస్ ఎన్నడును విని యెరుగదు. ఆ ఒక్క పిలుపునకు బదులు రాకపోయినచో బ్రౌజరు లేవనే లేవదు. ఇదంతయు వర్తకుల కపటమే యనుట పూర్తిగా సబబు కాదు. ప్రతి కూర్పును ప్రతి పాత యంత్రము మీద పరీక్షించుటకు మనుష్యులు, ధనము కావలెను. అయినను, వాడుకలో నిక్షేపముగా ఉన్న వస్తువును ఒక తేదీ వేసి వ్యర్థము చేయుట నా మనస్సునకు ఒప్పదు. మన యిండ్లలో బియ్యపు గంపలు కూడ పేడ అలికి మరల వాడుకొన్నారు.

తయారుచేసినవారు విడిచిన యంత్రమునకు ఇతరులు క్రొత్త బ్రౌజరును మోసికొనిపోయిన ఉదాహరణములు లోకమున కొన్ని కలవు. వానిలో నాకు మిక్కిలి నచ్చినది టెన్‌ఫోర్‌ఫాక్స్ కథ. అమెరికాలో ఆపిల్ కంపెనీ 1994 మొదలు తన మాకింటాష్ కంప్యూటరులను పవర్‌పీసీ అను ప్రాసెసరుతో చేయుచుండెను. 2005లో, ఇక ఇంటెల్ ప్రాసెసరునకు మారుదుమని ప్రకటించి మరుసటి యేట మారినది. ఫైర్‌ఫాక్స్ చేయు మొజిల్లావారు 2011లో నాలుగవ కూర్పుతో పవర్‌పీసీని వదలివేసిరి. అప్పుడు కామెరాన్ కైజర్ అను నతడు, వృత్తిచే వైద్యుడు, దక్షిణ కాలిఫోర్నియావాడు, ఆ నాలుగవ కూర్పునే పాత మాకింటాష్‌కు తగినట్లు సవరించి టెన్‌ఫోర్‌ఫాక్స్ అని పేరిడి లోకమునకు ఉచితముగా ఇచ్చెను. ఫైర్‌ఫాక్స్ మూలము ఎల్లరకు బహిరంగము గనుక ఇది సాధ్యమైనది. మూలము దాచిపెట్టిన బ్రౌజరునకు ఈ సేవ చేయు నుపాయము లేదు. 2010 నుండి 2021 వరకు, పదునొకండు సంవత్సరములు, తన వృత్తి పనులు పోగా మిగిలిన వేళలలో ఆయన ఈ పని చేసెను.

పని ఎంతటిదో తెలియవలెనన్న ఒక చిక్కు చెప్పిన చాలును. మన శాసనములలోను, కావ్యముల చివరను కాలమును భూతసంఖ్యలతో చెప్పు ఆచారము మీ యెరుకలోనిదే. బాణములు అయిదు, వేదములు నాలుగు. “బాణ వేద” అన్నచో ఏబదినాలుగు కాదు, నలువదియైదు. ఒకట్ల స్థానము ముందు చెప్పి ఎడమకు జరుగుచు పోవుట ఆ పద్ధతి. అంకెలలో వ్రాయునపుడు మాత్రము పెద్ద స్థానము ముందు వ్రాయుదుము. ఇంటెల్ ప్రాసెసరు పెద్ద సంఖ్యను జ్ఞాపకమున దాచుకొనునపుడు శాసనకవి వలె చిన్న స్థానము ముందుంచును. పవర్‌పీసీ కరణము వలె పెద్ద స్థానము ముందుంచును. ఇంటెల్ మాత్రమే మిగిలిన లోకమున బ్రౌజరు వ్రాయువారు చిన్నది ముందు అను తలంపుతోనే అంతయు వ్రాసిరి. అది పవర్‌పీసీ మీదికి పోగా రంగులు తారుమారగును, లెక్కలు తప్పును. కోటికి మించిన పంక్తులలో ఆ తలంపు ఎచ్చటెచ్చట దాగియున్నదో వెదకి సరిచేయవలెను. అది చాలక, జావాస్క్రిప్టును అప్పటికప్పుడు ప్రాసెసరు భాషలోనికి మార్చు భాగమును పవర్‌పీసీ కొరకు ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చెను. అది లేనిచో పుట తెరచుకొనుటకు కాఫీ కాచుకొని రావచ్చును.

కొంతకాలమునకు ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని భాగములు రస్ట్ అను క్రొత్త భాషలో వ్రాయబడజొచ్చెను. ఆ భాషను ఆ పాత మాకింటాష్ అర్థము చేసికొను రీతికి మార్చు సాధనము లేదు. కైజర్ 45వ కూర్పు దగ్గర ఆగి, ఆ బోదె మీదనే క్రొత్త కూర్పులలోని రక్షణలను మామిడికి అంటు కట్టినట్లు ఒక్కొక్కటి కట్టుచు పోయెను. చెట్టు ఎంత పాతదైన అంటు కట్టుట అంత కష్టము. తుదకు 2021లో నిలిపివేసెను. దానిని నేను ఓటమి యనను. 2005 నాటి యంత్రము 2021లో పుటలు చదివెనన్న, మోటారు బండికి కూడ అది మంచి ఆయుస్సే.

మన తెలుగువారి సంగతి దీనికి భిన్నమైనది. మరి కొంత కష్టమైనది. ఇంగ్లీషువానికి పుట తెరచుకొన్న చాలును, అక్షరములు అవే వచ్చును. మనకు పుట తెరచుకొన్న తరువాత కూడ అక్షరములు కూడవలెను. తెలుగునకు యూనికోడ్‌లో, అనగా లోకమందలి లిపులన్నిటికి ఏర్పరచిన ఉమ్మడి సంకేతములలో, 1991లోనే స్థానము లభించెను. కాని ఇండ్లలోని కంప్యూటరులకు అది చేరుటకు పదియేండ్లు పట్టినది. ఎక్స్‌పీతో కూడ గౌతమి అను తెలుగు అక్షరముల ఫాంటు వచ్చెను. (గౌతమి మా నరసాపురము వశిష్ఠకు అక్కగారు గనుక మాకు అసూయ లేదు.) అది కూడ తనంత తాను పని చేయదు, సెట్టింగులలో ఒక గడిలో గుర్తుపెట్టి, విండోస్ సీడీ మరల వేసినగాని వత్తులు అమరవు. ఆ గుర్తు పెట్టనివారి తెర మీద లక్ష్మి గారు “లక్‌ష్‌మి” అయి దర్శనమిచ్చెడివారు.

అంతకు ముందు వెలసిన తెలుగు వార్తాపత్రికల పుటలు ఒక్కొక్కటి తన సొంత ఫాంటు పెట్టుకొన్నవి. ఇంగ్లీషు అక్షరముల చోటులలో తెలుగు అచ్చులు, హల్లులు, వత్తులు కూర్చుండబెట్టిరి. ఒక పత్రికలో ‘క’ ఉన్నచోట వేరొక పత్రికలో కొమ్ము ఉండెడిది. ఒక పుటలోని వాక్యమును తీసి మరియొక చోట పెట్టిన అర్థము లేని ఇంగ్లీషు గుంపు మిగులును. ఈ చిక్కునకు వెన్న నాగార్జున గారు పద్మ అను సాధనము చేసిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినవారు కూడ వారే. పద్మ ఫైర్‌ఫాక్స్‌నకు తగిలించు అనుబంధము. పత్రికల సొంత సంకేతములను చదువుచుండగనే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపెడిది. పాత పుటను క్రొత్త బ్రౌజరు చేత చదివించు విద్య యన్న మాట. ఇందులో ఒక వింత కలదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వచ్చినపుడు పాత పద్ధతిలో వ్రాసిన అనుబంధములు వేనికిని అందు చోటు లేకపోయినది. మరల వ్రాసినవే నిలిచినవి. పాత కంప్యూటరునకు క్రొత్త బ్రౌజరు కావలెనని తహతహపడు మనము, క్రొత్త బ్రౌజరు వచ్చి పాత సాధనమును త్రోసివేయుట కూడ చూచితిమి.

నేడు కొంత మేలు జరిగినది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండును వత్తులు, గుణింతములు కూర్చు హార్ఫ్‌బజ్ అను పనివానిని తమ లోపలనే ఉంచుకొన్నవి. అన్నిటికి విండోస్ మొగము చూడనక్కరలేదు. కాబట్టి పాత యంత్రమునకు తగిన బ్రౌజరొకటి, మంచి ఫాంటొకటి చేర్చిన తెలుగు నిండుగా వచ్చును. క్రొత్త యంత్రములు మాత్రము మన లిపిలో తొట్రుపడవనుకొనరాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞకారమునకు సంబంధించిన ఒక తెలుగు అక్షరపు కూర్పు వచ్చినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో సందేశములు చూపు సాధనములు కూలిపోయినవి. లోకమంతట ఆ వార్త ప్రాకినది. కొలది దినములలోనే కంపెనీవారు సవరణ పంపిరి. ఐఫోను గనుక సవరణ వచ్చెను. ఎవరును పట్టించుకొనని పాత యంత్రమున అట్టి తప్పు ఉన్నచో, తెలుగు చదువువాడు తానే మొరపెట్టుకొని తానే బాగుచేసికొనవలెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగు చేయుటకు పూనుకొన్నది ఈ అవసరమును గుర్తించియే.

ఇక మన యింటి మూలనున్న కంప్యూటరును ఏమి చేయవలెను? నా యెరిగినంత చెప్పెదను.

అది ఎక్స్‌పీ కంప్యూటరైనచో దానితో బ్యాంకు పనులు, పింఛను పనులు చేయరాదు. ఎవరైన కుర్రవాడు వచ్చి, “ఒక సీడీ వేసి క్రొత్త బ్రౌజరు ఎక్కించెదను” అన్నను చేయరాదు. బ్రౌజరు క్రొత్తదైనను క్రింది విండోస్ తలుపులు తెరచియే ఉండును. ముందుద్వారమునకు ఇనుప తలుపు పెట్టి పెరటి గోడ పడిపోనిచ్చినట్లు. అడంగలు చూచుకొనుటకు చేతిలోని ఫోను చాలును, మీసేవ కేంద్రము కలదు. పాత కంప్యూటరు విలువ వేరు: పెద్ద తెర, వ్రేళ్లకు అందు మీటలు, కన్ను మందగించినవారికి పెద్ద అక్షరములు.

దానిని అంతర్జాలమున నడపదలచినచో విండోస్ తీసివేసి లినక్స్ వేయుటయే మార్గము. ముందుగా ప్రాసెసరు 64 బిట్లదా 32 బిట్లదా అడిగి తెలిసికొనుడు. 64 బిట్లదై, నాలుగు జీబీల జ్ఞాపకము ఉన్నచో నేటి ఫైర్‌ఫాక్స్ నడచును. రెండున్నను ఓపికతో నడచును. 32 బిట్లదైనచో మార్గములు మూసికొనుచున్నవి. డెబియన్ అను ప్రసిద్ధమైన లినక్స్ 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పునుండి అట్టి కంప్యూటరులలో క్రొత్తగా వేసికొనుటకు అవకాశము తీసివేసినది. ఫైర్‌ఫాక్స్ కూడ అదే సంవత్సరము 144వ కూర్పుతో 32 బిట్ల లినక్స్‌కు స్వస్తి చెప్పెను. నెట్‌సర్ఫ్ వంటి చిన్న బ్రౌజరులు మిగిలియున్నవి. రిస్క్ ఓఎస్ అను వేరొక పాత యంత్రకుటుంబము కొరకు 2002లో పుట్టిన ఆ నెట్‌సర్ఫ్ బహు తేలిక. కాని జావాస్క్రిప్టు మీద నడచు ప్రభుత్వపు పుటలకు అది చాలదు. లినక్స్‌ను కంప్యూటరులో స్థాపింపకయే ఒక పెన్‌డ్రైవు నుండి నడపి చూడవచ్చును. తెర, శబ్దము, తెలుగు అక్షరములు సరిగా వచ్చినవని చూచుకొన్న పిమ్మటనే విండోస్ మీద చేయి వేయవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. మన జిల్లాల చిన్న అచ్చుకూటములలో చాలకాలము అను ఫాంటులతో, పేజ్‌మేకర్‌లో తెలుగు కూర్చిరి. ఆ పేజ్‌మేకర్ కడపటి ప్రధాన కూర్పు 2001 నాటిది. శుభలేఖలు, గ్రామదేవత జాతర కరపత్రములు, దేవాలయ చరిత్రలు, పెద్దలు వ్రాసికొన్న వంశవృత్తాంతములు ఆ దస్త్రములలో ఉన్నవి. ఆ పాత కంప్యూటరు మీద తెరచిన అవి తెలుగు. క్రొత్తదాని మీద ఆ ఫాంటులు లేకుండ తెరచిన ఇంగ్లీషు అక్షరముల చెత్త. కుర్రవాడు లినక్స్ వేయుచు అంతయు తుడిచివేసినచో ఆ వ్రాత మరల రాదు. కనుక విండోస్ తీయకముందే దస్త్రములను, వానితోడి ఫాంటులను కూడ రెండు పెన్‌డ్రైవులలోనికి ఎత్తించుడు. ఒక్కొక్క దస్త్రమును ఆ కంప్యూటరులోనే తెరచి, ముద్రించుటకు సిద్ధమైన పీడీఎఫ్‌గా చేయించుడు. అందు అక్షరముల ఆకారము చెడదు. తరువాత తీరిక చూచుకొని, అను సంకేతములను యూనికోడ్‌గా మార్చు సాధనములతో మార్పించి, ఎవరైన చదువుకొన్నవారిని దగ్గర కూర్చుండబెట్టి అసలుతో పోల్చి దిద్దించుడు. మార్చు సాధనములు వత్తుల దగ్గర, ముఖ్యముగా రెండు వత్తులు ఒకచోట వచ్చినపుడు, పొరపడుచుండును. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రము అను మాటలను ముందు చూచినచో సాధనము ఎట్టిదో వెంటనే తెలిసిపోవును.